సద్ది డబ్బాకు సినిమా: ‘ఛెల్లో షో’ను పాలమూరు నుంచి చూస్తే

‘ఛెల్లో షో’ (ఆఖరి ఆట అని అర్థం) అనే పేరు మన దగ్గర చాలామందికి మొదట తెలిసింది కోపంతోనే. 2022 సెప్టెంబరులో ఆస్కార్‌కు దేశం తరఫున వెళ్లే సినిమాగా దాన్ని ఎంపిక చేశారు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ను పక్కనపెట్టి ఎవరికీ తెలియని గుజరాతీ సినిమాను పంపుతారా అని టీ కొట్టు దగ్గర నుంచి ఫోన్ గ్రూపుల దాకా ఒకటే గొడవ. అప్పటికి ఆ సినిమాను ఇక్కడ ఎవరూ చూడలేదు, చూడకుండానే తిట్టారు. తర్వాత అది అంతర్జాతీయ సినిమాల విభాగంలో 15 సినిమాల జాబితా దాకా వెళ్లి ఆగింది, ‘ఆర్‌ఆర్‌ఆర్’ వేరే దారిలో పోయి 2023 మార్చిలో పాటకు ఆస్కార్ తెచ్చుకుంది, గొడవ చల్లారింది. చల్లారాక కూడా ఆ గుజరాతీ సినిమాను వెతుక్కుని చూసినవాళ్లు తక్కువే. విచిత్రమేమంటే, నల్లగొండ, పాలమూరు వైపు చిన్న పట్నాల్లో పెరిగి ఇప్పుడు నలభై దాటినవాళ్లు చూస్తే, ఇది మన బస్టాండు వెనక థియేటర్ కథే కదా అనుకునేంత దగ్గరగా ఉంటుంది.

కథ చిన్నది. సౌరాష్ట్రలో ఛలాలా అనే ఊరు, 2010 ప్రాంతం. తొమ్మిదేళ్ల సమయ్ వాళ్ల నాన్న రైల్వే స్టేషన్‌లో టీ అమ్ముతాడు, రైలు ఆగిన కాసేపు పిల్లాడు కూడా కిటికీల వెంట పరుగెత్తి అమ్ముతాడు. బ్రాహ్మణ కుటుంబం, సినిమాలంటే తండ్రికి గిట్టదు. ఒక్కరోజు మాత్రం ఇంటిల్లిపాదినీ పట్నంలోని గెలాక్సీ థియేటర్‌కు తీసుకెళ్తాడు, ఎందుకంటే అది మహాకాళి సినిమా, భక్తి కిందికి వస్తుంది. ఇదే మొదలు, ఇదే ఆఖరు అని కచ్చితంగా చెప్పేస్తాడు కూడా. పిల్లాడికేమో ఆ చీకట్లో తెర కంటే తల మీదుగా పోయే వెలుతురు మీద మనసు పడుతుంది. అది ఎక్కడి నుంచి వస్తోంది, చేత్తో పట్టుకుంటే ఏమవుతుంది అన్నదే వాడి తంటా. ఇక బడి ఎగ్గొట్టడం, దొంగతనంగా దూరడం, దొరికి బయటికి గెంటించుకోవడం. అక్కడే ఆపరేటర్ ఫజల్ పరిచయమవుతాడు. ఇద్దరి మధ్య ఒక బేరం కుదురుతుంది: సమయ్ వాళ్లమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఫజల్ తింటాడు, బదులుగా సమయ్ క్యాబిన్‌లో కూర్చుని చిన్న కిటికీలోంచి సినిమాలు చూస్తాడు.

దర్శకుడు పాన్ నళిన్ సౌరాష్ట్రలోనే పుట్టినవాడు, ఆయన తండ్రి కూడా స్టేషన్‌లో టీ అమ్మినవాడే, కాబట్టి ఇది సగం ఆత్మకథ. అయినా కాపీ అన్న మాట వచ్చింది. 1988లో ఇటలీ దర్శకుడు జుసెప్పె టొర్నటోరె తీసిన ‘సినిమా పారడిసో’లో కూడా ఒక పిల్లాడు, ఒక పెద్ద వయసు ఆపరేటర్, ఒక ఊరి థియేటర్, చివరికి ఆ థియేటర్ పోవడం ఉన్నాయి. ఆ సినిమా సొంత దేశంలో మొదట 155 నిమిషాల నిడివితో విడుదలై దెబ్బతింది, 124 నిమిషాలకు కోసి బయటి దేశాలకు పంపాక ఆస్కార్ దాకా వెళ్లింది. పోలికలున్న మాట నిజమే. కానీ సినిమా పిచ్చి ఉన్న పిల్లాడు, ఆ పిచ్చిని కాపాడిన ఆపరేటర్ అన్నది ఏ ఒక్కరి సొత్తూ కాదు. 35 ఎంఎం ఫిలిం నడిచిన ప్రతి పట్నంలోనూ అలాంటి జత ఒకటి ఉండే ఉంటుంది. ఈ రకం సినిమాలను కొలవాలంటే కాపీనా కాదా అన్నది పెద్దగా పనికిరాదు. పిల్లాడి టికెట్టు డబ్బులు ఎవరు పెట్టుకున్నారు అని అడగాలి. యాదిని తీపిగా చూపించడం ఎవరికైనా వచ్చు. ఆ తీపికి ఎవరి చెయ్యి కాలిందో చూపించే సినిమాలు తక్కువ, ‘ఛెల్లో షో’ దాని మంచి ఘట్టాల్లో ఆ పని చేస్తుంది, చెయ్యని చోట జారుతుంది.

టిఫిన్ డబ్బా సంగతే చూడండి. అమ్మ వంట చేసే దృశ్యాలు ఈ సినిమాలో ఎంతసేపు ఉంటాయంటే, కొందరికి విసుగు కూడా రావచ్చు. కూరగాయ కోయడం, మసాలా కూరడం, రొట్టె కాల్చడం, డబ్బా సర్దడం, అన్నీ దగ్గరి నుంచి, తొందర లేకుండా చూపిస్తాడు. అందం కోసమే తీసినట్టు మొదట అనిపిస్తుంది. తర్వాత అర్థమవుతుంది, అది లెక్క. పిల్లాడు చూసే ప్రతి సినిమాకూ తల్లి పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చున్న గంట వెల కట్టింది, ఆ సంగతి ఆమెకు తెలియదు. పిల్లాడు పస్తున్నాడు, ఆపరేటర్ తిన్నాడు, సినిమా నడిచింది. మన వైపు ఇదే పని బియ్యం చేసేవి, గుడ్లు చేసేవి, గంప కింద కోడిపెట్ట చేసేది. ఇంట్లోంచి దోసెడు పల్లికాయ (వేరుశెనగను పాలమూరులో అలాగే అంటారు) లాగూ జేబులో పోసుకుని పోయి కిరాణా కొట్లో మార్చుకుని నేల టికెట్టు కొన్నవాళ్ల కథలు ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా నాలుగు దొరుకుతాయి. వాటిని నవ్వుతూ చెప్పుకుంటారు, ఆ పల్లికాయ ఎవరు ఒంగి పీకింది అన్నది మాత్రం కథలో రాదు.

ఇప్పుడు ఆపరేటర్ సంగతి. ప్రొజెక్టర్ రూంలో ఏం జరిగేదో తెలియకపోతే ఈ సినిమా సగమే అందుతుంది, ఇప్పటి పిల్లలకు ఎలాగూ తెలియదు, అప్పటి పెద్దలకు కూడా పెద్దగా తెలియదు, ఎందుకంటే అందరూ తెర వైపే కూర్చున్నారు. 35 ఎంఎం ఫిలింలో ఒక అడుగుకు 16 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మలు నడవాలి, అంటే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్లకు పైనే. ఊరికీ ఊరికీ మధ్య ఉండేంత దూరం ఫిలిం ఒక మనిషి చేతుల మీదుగా రోజుకు మూడుసార్లో నాలుగుసార్లో వెళ్లేది. దాన్ని వెయ్యి అడుగుల చుట్టలుగా పంపేవాళ్లు, ఒక్కో చుట్ట పదకొండు నిమిషాలు. రెండు చుట్టలు కలిపి ఎక్కించినా ఇరవై నిమిషాలకోసారి ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు మారాల్సిందే. మారే ముందు తెర కుడి మూలన చిన్న చుక్క ఒకటి మెరుస్తుంది, అది ఆపరేటర్‌కు గుర్తు, రెండో మెషీన్ మోటారు వెయ్యాలి. మరో ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క, అప్పుడు వెలుతురు అటు మార్చాలి. ఆ పని సరిగ్గా చేస్తే హాల్లో ఎవరికీ తెలియదు. తప్పితే వెయ్యి మంది ఈలలు వేసి తల్లిని తిడతారు. చక్కగా చేసినన్నాళ్లూ ఎవరికీ కనబడని పని అది, తప్పు జరిగినప్పుడే మనిషి గుర్తొస్తాడు.

ఇంకో సంగతి ఉంది, సమయ్ లాంటి పిల్లాడి బుర్ర తిరిగేది అక్కడే. ఫిలిం ఆగకుండా జారుతూ పోతే తెర మీద మసక తప్ప ఏమీ కనబడదు. ప్రతి బొమ్మా కిటికీ ముందు క్షణం ఆగాలి, వెలుతురు పడాలి, తర్వాత రెక్క ఒకటి అడ్డం వచ్చి చీకటి చెయ్యాలి, ఆ చీకట్లో పళ్ల చక్రం ఫిలింను కిందికి లాగి తర్వాతి బొమ్మను నిలబెట్టాలి. సెకనుకు 24 సార్లు ఈ ఆగడం, కదలడం. అంటే షో నడుస్తున్న సమయంలో దాదాపు సగం సేపు తెర మీద ఏమీ ఉండదు, జనం డబ్బులిచ్చి చీకట్లో కూర్చున్నట్టే, మిగతాది కళ్లు పూరించుకుంటాయి. ‘ఛెల్లో షో’లో పిల్లలు చెత్త సామాను పోగేసి సొంత ప్రొజెక్టర్ చేసుకోవాలని చూసినప్పుడు తట్టుకునేది సరిగ్గా ఈ చీకటి దగ్గరే. వెలుతురు ఒక్కటే సరిపోదు, దాన్ని ఆపేది కూడా కావాలి. ఈ ఘట్టాన్ని దర్శకుడు పాఠంలా కాకుండా ఆటలా తీశాడు, సినిమా మొత్తంలో బాగా కుదిరిన భాగం ఇదేనని చెప్పవచ్చు. శబ్దం రాదు కాబట్టి పిల్లలే తెర పక్కన నిలబడి గిన్నెలు వాయించి, నోటితో చప్పుళ్లు చేసి నడిపిస్తారు.

నల్లగొండ జిల్లాలో, పాలమూరులో ఇంత ఏర్పాటు లేకుండానే పోరగాళ్లు ఈ పని చేశారు. తెగిన ఫిలిం ముక్క ఒకటి, మాడిపోయిన బల్బు ఒకటి, ముఖం చూసుకునే అద్దం ఒకటి, నాన్న పంచె ఒకటి. బల్బు అడుగు నల్లటి ముక్కను జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగలు తీసేసి నీళ్లు నింపితే అదే భూతద్దం. బయట ఒకడు ఎండలో నిలబడి అద్దంతో వెలుతురును దర్వాజ సందులోకి కొట్టాలి, లోపల ఇంకొకడు ఫిలింను తలకిందులుగా పట్టుకోవాలి, ఎందుకంటే నీళ్ల బల్బు బొమ్మను తిరగేస్తుంది. గోడ మీద పంచెపై ఎన్టీఆరో, కృష్ణో, కత్తి పట్టుకున్న కాంతారావో మసకమసకగా కనబడితే గది అంతా కేక. బొమ్మ కదలదు, అయినా చాలు. బయట అద్దం పట్టుకున్నవాడికి మాత్రం ఏమీ కనబడదు, వాడు ఎండలోనే ఉంటాడు, వాడి వంతు వచ్చేసరికి సూర్యుడు జరిగిపోతాడు. ఆపరేటర్ బతుకు ఏమిటో పిల్లలాటలోనే తెలిసిపోయేది.

ఈ ఫిలిం ముక్కలు ఎక్కడివంటే, మళ్లీ ఆపరేటరే. ఫిలిం తెగినప్పుడల్లా నాలుగు బొమ్మలు కత్తిరించి అతికించాలి, ఆ ముక్కలు కింద పడతాయి, పొద్దున్నే ఊడ్చి థియేటర్ వెనక పారేస్తారు. చిన్న పట్నాలకు ప్రింటు వచ్చేసరికి ముసలిదై వచ్చేది. సినిమా వ్యాపారంలో తెలంగాణ అంతా నైజాం ఏరియా, అందులో మళ్లీ ఏ సెంటర్, బీ సెంటర్, సీ సెంటర్. హైదరాబాద్‌లో ఆడి, జిల్లా కేంద్రంలో ఆడి, తర్వాత దేవరకొండకో, కల్వకుర్తికో, ఆత్మకూరుకో వచ్చేది, అప్పటికి ఎన్ని మెషీన్లలో నలిగిందో, ఎన్ని చోట్ల తెగి అతుకు పడిందో. పాటలో చరణం ఎగిరిపోయేది, ఫైటింగ్‌లో దెబ్బ కొట్టకుండానే విలన్ పడిపోయేవాడు. ఫిలిం మీద గీతలు పడి తెర నిండా వాన కురుస్తున్నట్టు ఉండేది. వానలు లేక బావులు ఎండిన పాలమూరులో థియేటర్లో మాత్రం ఏడాది పొడుగునా వానే. జంట థియేటర్లున్న పట్నాల్లో ఒకే ప్రింటును రెండింట్లో నడిపేవాళ్లు: ఒక చోట రీలు అయిపోగానే కుర్రాడు దాన్ని సైకిలు మీద పెట్టుకుని రెండో చోటికి తొక్కాలి, సైకిలు పంక్చరైతే అక్కడ ఇంటర్‌వెల్ అరగంట.

క్యాబిన్ లోపల వేడి వేరే. జినాన్ దీపాలు రాకముందు కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల మధ్య కరెంటు దూకి మండే వెలుగే తెర దాకా వెళ్లేది, కడ్డీలు అరిగిపోతుంటాయి కాబట్టి వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి, పొగ పోవడానికి పైకప్పులోంచి గొట్టం. మే నెలలో, రేకుల కప్పు కింద. ‘సినిమా పారడిసో’లో ఆపరేటర్ అల్ఫ్రెడో కళ్లు పోవడానికి కారణం ఆ కాలపు నైట్రేట్ ఫిలిం, అది అంటుకుంటే ఆర్పడం కష్టం. 1950ల మొదట్లో దాని తయారీ ఆగి అంత తేలిగ్గా అంటుకోని ఫిలిం వచ్చింది కాబట్టి తర్వాతి తరం ఆపరేటర్లకు ఆ గండం తప్పింది. ఫిలిం ఇరుక్కుంటే మాత్రం తెర మీద హీరో ముఖం మధ్యలో గోధుమ రంగు బుడగ లేచి కరిగిపోయేది, హాల్లో పిల్లలకు భయం, పెద్దలకు కోపం, పైన ఒకడికి చేతులు కాలడం.

ఇటలీ సినిమాలో ఇంకో మెలిక ఉంది. అల్ఫ్రెడో కుర్రాడితో, ఈ ఊరు వదిలిపో, తిరిగి రాకు, మా గురించి తలుచుకోకు, బెంగ పెట్టుకోకు అని గట్టిగా చెప్పి పంపిస్తాడు. పాత రోజుల బెంగ మీదే నడిచే సినిమాలో బెంగ వద్దని చెప్పేవాడు ఆ బెంగకు కారణమైన మనిషే. ఆ కుర్రాడు ముప్పై ఏళ్లు రాడు, ఆపరేటర్ చావుకు వస్తాడు, థియేటర్‌ను కార్లు పెట్టుకోవడానికి కూల్చేస్తుంటే చూస్తాడు. ‘ఛెల్లో షో’లో ఆ పాత్ర బడి పంతులుది: మన దేశంలో ఇప్పుడు ఉన్నవి రెండే కులాలు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు, రానివాళ్లు అని ఆయన కుండబద్దలు కొడతాడు. ఇక్కడ ఊరు వదలడం అంటే రైలెక్కడం, ముందుకు పోవడం.

పాలమూరు ప్రేక్షకుడికి సరిగ్గా ఇక్కడే చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. రైలూ బస్సూ ఇక్కడ కలల బండ్లు కావు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ (కూలీలను పోగేసి పనికి తీసుకెళ్లేవాడు) ముందుగా అడ్వాన్సు పట్టుకుని వచ్చేది ఈ ఊళ్లకే. నారాయణపేట వైపు నుంచి, మహబూబ్‌నగర్ నుంచి బొంబాయి బస్సులు నడిచేది సినిమా నేర్చుకునే పిల్లల కోసం కాదు. అమ్మానాన్న పోతారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు, లేదంటే పిల్లలు కూడా పోయి ఇటుకబట్టీ దగ్గర పెరుగుతారు. ఊరు వదిలి పోతేనే ఎదుగుతావు అని అల్ఫ్రెడో చెప్పిన మాట ఒక్క పిల్లాడికి చెప్పిన మాట, ఊరంతా కలిసి పోవాల్సి వచ్చినచోట అది వేరేగా వినబడుతుంది. ఇక్కడ తిరిగి రావడమే పెద్ద విషయం, పండుగకు వచ్చి మూడు రోజులుండి, ఒక సినిమా చూసి, మళ్లీ బస్సెక్కడం. దసరాకు, సంక్రాంతికి థియేటర్లు నిండటంలో ఆ డబ్బు ఎంతుందో ఏ కలెక్షన్ల పోస్టరులోనూ రాయలేదు.

రైలు సంగతి మరీ దగ్గరిది. సినిమాలో ఛలాలా లైను బ్రాడ్ గేజ్ అవుతుంది, ఇక రైళ్లు అక్కడ ఆగవు, తండ్రి టీ కొట్టు పోతుంది. అంటే సినిమా ప్రొజెక్టర్, టీ కెటిల్ రెండూ ఒకే ఏడాది పాతబడతాయి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా ద్రోణాచలం పోయే లైను కూడా 1990ల దాకా మీటర్ గేజే. ఇక్కడ బ్రాడ్ గేజ్ వచ్చినందుకు ఎవరూ ఏడవలేదు, రాజధానికి రైలు తొందరగా పోతుందని సంబరపడ్డారు, అది సహజం. చిన్న స్టేషన్లో గంప పట్టుకుని సీతాఫలాలు అమ్మినవాళ్ల గురించి అప్పుడు ఆలోచించే తీరిక ఎవరికుంది? ఈ రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టడం పాన్ నళిన్ చేసిన తెలివైన పని, సినిమా పోయిందని ఏడ్చే కథను అది బతుకుదెరువు కథగా మార్చేసింది.

భాష గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. సమయ్ ఇంట్లో గుజరాతీ, తెర మీద హిందీ. వాడికది ఇబ్బందిగా అనిపించదు, మెరిసే లోకం వేరే భాషే మాట్లాడుతుందని పిల్లలు తొందరగా ఒప్పుకుంటారు. నల్లగొండ పిల్లలకు ఇంకొంచెం తిరకాసు. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు జానపద సినిమాల్లో కత్తి తిప్పుతుంటే, తుంగతుర్తిలో పుట్టిన ప్రభాకర్‌రెడ్డి జమీందారుగా, జడ్జిగా కనబడుతుంటే మనోడు అని ఈల వేశారు, అయితే ఆ మనోళ్లు తెర మీద మాట్లాడింది మన మాట కాదు. మన మాట వినబడిందంటే ఆ పాత్ర రౌడీ అయినా అయి ఉండాలి, నవ్వించేవాడైనా అయి ఉండాలి. ‘వస్తున్నా’ అంటే హీరో, ‘వస్తున్న’ అంటే జోకు. ప్రేమించిన సినిమా తిరిగి ప్రేమించలేదన్న సంగతి తెలిసేసరికి పెద్దవాళ్లయిపోయారు. రాష్ట్రం వచ్చాక పదేళ్లలో ఇది బాగానే మారింది, ఇప్పుడు హీరోలే యాస నేర్చుకుంటున్నారు, అదీ ఒక్కోసారి అతి అనిపించేంతగా. పాత రోజుల యాదిలో ఈ చేదును కలపకపోతే ఆ యాది అబద్ధమవుతుంది. ‘ఛెల్లో షో’ ఈ దారిలోకి వెళ్లలేదు, దర్శకుడికి సినిమా మీద ఉన్న భక్తి అంతదూరం పోనివ్వలేదు.

ఆ భక్తే ఈ సినిమాకు బలహీనత కూడా. మొదటి నిమిషంలోనే లూమియేర్ సోదరులు, మైబ్రిడ్జ్, డేవిడ్ లీన్, కుబ్రిక్, తార్కోవ్‌స్కీ పేర్లకు దండం పెట్టి మొదలుపెడతాడు. చివర్లో మళ్లీ పెద్ద దర్శకుల పేర్ల జపం. తొమ్మిదేళ్ల పిల్లాడి కళ్లతో నడుస్తున్న కథలోకి యాభై దాటిన దర్శకుడు వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. దానికి ముందున్న దృశ్యం మాత్రం మరిచిపోలేనిది: థియేటర్లో డిజిటల్ మెషీన్ పెడతారు, పాత ప్రొజెక్టర్‌ను లారీలో వేసుకుని పోతారు, పిల్లాడు వెంటపడి పోయి చూస్తే దాన్ని కరిగించి చెంచాలు పోస్తుంటారు. రీళ్లను ఇంకో చోట కరిగించి గాజులు చేస్తారు. ఎవరూ ఏడవరు, సంగీతం కూడా పెద్దగా గోల చెయ్యదు, మెషీన్ల చప్పుడు తప్ప. ఫజల్ ఉద్యోగం పోతుంది, అతనికి ఇంగ్లీషు రాదు, కంప్యూటర్ రాదు. ఆ గాజులు వేసుకున్న ఆడవాళ్ల చేతులు రైల్లో కనబడతాయి, మన వైపు గాజులకున్న అర్థమంతా తెలిసినవాళ్లకు ఆ బొమ్మ ఇంకాస్త ఎక్కువ తగులుతుంది.

ఆ ఆడవాళ్లు సినిమా చివర గాజుల చేతులుగానే వచ్చారన్నది మాత్రం గమనించాలి. ఈ రకం సినిమాలన్నీ మగపిల్లల కథలే. క్యాబిన్‌లో దూరేది మగపిల్లాడు, రీళ్లు దొంగిలించేది మగపిల్లలు, పట్టుబడితే బాలల హోంకు పోయి తిరిగొచ్చి హీరో అయ్యేదీ వాడే. అదే పని ఆడపిల్ల చేస్తే కథ అక్కడితో ఆగిపోయి పెళ్లి మాటలు మొదలవుతాయి. మన థియేటర్లలో ఆడవాళ్లకు వేరే టికెట్ కిటికీ, వేరే గేటు, మ్యాట్నీకి చంకలో పిల్లతో, కొంగులో మూటకట్టిన చిల్లరతో వచ్చినవాళ్లు ఎందరో. పిల్ల ఏడిస్తే బయటికి వెళ్లి నిలబడటం, కథలో ముఖ్యమైన ముక్క పోగొట్టుకోవడం, ఇంటికొచ్చాక పక్కింటామెను అడిగి పూరించుకోవడం. అలా వాళ్లు ఎన్నో సినిమాలను సగం చూసి సగం ఊహించుకున్నారు. దీని మీద ఎవరూ సినిమా తీయలేదు.

డిజిటల్ రాక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. 2000ల మధ్యలో రీలు లేకుండా డిజిటల్‌గా సినిమా వేసే యూఎఫ్ఓ, క్యూబ్ కంపెనీలు వచ్చాయి, 2012, 13 నాటికి ఇక్కడ రీలు డబ్బా కనబడటం దాదాపు ఆగిపోయింది, అదే సమయంలో ఫూజీ కంపెనీ సినిమా ఫిలిం తయారీ మానేసింది, కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. మంచి కూడా జరిగింది, దాచాల్సిన పనిలేదు: అచ్చంపేటలోనూ హైదరాబాద్‌లోనూ ఒకే శుక్రవారం, ఒకే స్పష్టమైన బొమ్మ, తెర మీద వాన లేదు, సీ సెంటర్ ప్రేక్షకుడికి ఆ మర్యాద మొదటిసారి దక్కింది. బదులుగా ప్రింటు ఖర్చు పోయి వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు, డిజిటల్ కంపెనీలకు కట్టేది) అని ఇంకో ఖర్చు వచ్చింది, దాని మీద 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు సినిమాల విడుదలే ఆపేశారు. 2024 మే నెలలో జనం రాక, సినిమాలు లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్‌ల వాళ్లు కొన్నాళ్లు తామే తలుపులు మూసుకున్నారు. చాలా పట్నాల్లో పాత థియేటర్ ఇప్పుడు ఫంక్షన్ హాలు, లేకపోతే గోదాం. స్క్రీన్ ఉన్న గోడ దగ్గర పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే స్టేజీ వేస్తారు, అక్కడ కూర్చుంటే ఎదురుగా పైన ప్రొజెక్టర్ క్యాబిన్ తాలూకు ఆ రెండు చిన్న కిటికీలు ఇంకా కనబడతాయి, కొన్ని చోట్ల ఇటుకలు పెట్టి మూసేశారు, కొన్ని చోట్ల అది కూడా చెయ్యలేదు.

ఇదే కథను పాలమూరులో తీస్తే ఎలా ఉంటుందని ఆలోచించడం సరదాగా ఉంటుంది. రైలు అక్కర్లేదు, బస్టాండు చాలు, ఎలాగూ థియేటర్ పక్కనే ఉంటుంది. పిల్లాడి బదులు పిల్లను పెట్టాలి, బల్బు ఆటలో ఎప్పుడూ బయట ఎండలో అద్దం పట్టుకుని నిలబడే పిల్లను. అమ్మానాన్న బొంబాయిలో ఉన్నారు, అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టె, పచ్చడి ఆపరేటర్‌కు పోతాయి, ఆయన దగ్గర బేరం ఏమీ ఉండదు, ఇద్దరూ చెరి సగం తింటారు. పెద్ద దర్శకుల పేర్లు ఎవరికీ తెలియవు. ఫస్ట్ షో వదిలే వేళకు జనం గేటులోంచి బయటికి వస్తుంటారు, అదే వేళకు బొంబాయి బస్సు మీద మూటలు ఎక్కిస్తుంటారు, రెండు గుంపులూ రోడ్డు మీద కలిసిపోయి ఎవరు సినిమా చూసి వచ్చారో, ఎవరు పోతున్నారో తెలియకుండా అవుతుంది. పండుగ అయిపోయి అమ్మ బస్సు ఎక్కింది. పిల్ల జేబులోంచి ఫిలిం ముక్క తీసి బస్సు హెడ్‌లైటుకు అడ్డం పెట్టి చూస్తుంది, డ్రైవర్ పక్కకు జరుగమని హారన్ కొడతాడు.